గ్రంథపాలకుడును ప్రధానోపాధ్యాయుడును

1952వ సంవత్సరమున భారత ప్రభుత్వము మాధ్యమిక విద్యను పరిశీలించుటకు ఒక సంఘమును నియమించెను. మద్రాసు విశ్వవిద్యాలయపు వైస్ ఛాన్సలరు డాక్టరు ఎ. లక్ష్మణస్వామి మొదలియారు దానికి అధ్యక్షుడు. మరుసటి యేడు వెలువడిన నివేదికలో పాఠశాలా గ్రంథాలయముల దుఃస్థితి దాపరికము లేక వర్ణింపబడినది. పుస్తకములు పాతవి, బాలుర అభిరుచి నెరుగక ఎన్నుకొన్నవి, ఇరుకు గదిలో కొద్దిపాటి అలమారలలో పడియున్నవి. వానిని చూచువాడు తరచుగా ఒక గుమాస్తా, లేదా తక్కిన పనుల నడుమ ఆ పనియు చేయు ఉపాధ్యాయుడు.

పుస్తకములున్నది ఉపయోగము కొరకేయని, ఆ విశ్వవిద్యాలయముననే గ్రంథపాలకుడై యుండిన ఎస్. ఆర్. రంగనాథన్ 1931లోనే సూత్రీకరించెను. అట్లయ్యును పెక్కు పాఠశాలలలో అలమారకు తాళమేల పడినది? ముఖ్యకారణము భయము. గ్రంథములు గ్రంథపాలకుని పేర అప్పగింపబడును. సంవత్సరాంతమున లెక్క తగ్గినచో వెల తన జీతమునుండి పోవునేమోయని అతని వెరపు. ఎవరికిని ఈయని పుస్తకము పోదు గదా!

ఈ భయమును తీర్పగలవాడు ప్రధానోపాధ్యాయుడే. వాడుకచే చిరిగినదానికిని, అజాగ్రత్తచే పోయినదానికిని గల భేదమును ఆయన గుర్తించి, మొదటిదానిని పట్టికనుండి కొట్టివేయుటకు వ్రాతమూలముగా అనుమతి యిచ్చినచో తాళము తెరచుకొనును. ఇట్టి సడలింపు క్రొత్తది కాదు. చదువుట కిచ్చిన ప్రతి వేయి సంపుటములకు ఏటికి ఐదు పోవుటను, అందు మోసముగాని అజాగ్రత్తగాని లేనిచో, 2017 నాటి కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి సహజనష్టముగా ఎంచినది. వేయి రూపాయలకు మించిన వెల గలవియు, అరుదైనవియు పోయినప్పుడు మాత్రము విచారణ తప్పదు.

అయితే గ్రంథాలయపు సంగతి ప్రధానోపాధ్యాయునకు తెలియుట యెట్లు? హాజరు, పరీక్షలు, పై అధికారుల ఉత్తరములు - వీనితో ఆయనకు దినము గడచును. గ్రంథపాలకుడు ధనము చాలదని మొరపెట్టుకొన్నచో అది పది మొరలలో ఒకటి యగును. అంతకంటె, ఏ తరగతివారు ఈ నెల ఎన్ని పుస్తకములు కొనిపోయిరి, ఏ పుస్తకమునకై ఎందరు కాచుకొనియున్నారు, ఏ వరుస ఏడాదిగా కదలలేదు అను మూడు సంగతులను ఒక్క కాగితముపై వ్రాసి నెలనెల ఇచ్చుట మేలు. ఆ కాగితము చూచినవాడు కదలని పుస్తకములవంటివానిని మరల కొనుటకు సంతకము చేయడు.

మాట ఆయన వైపునుండియు రావలెను. పరీక్షలు సమీపించినప్పుడు గ్రంథాలయపు గంటను గణితమునకు మార్చుట కొన్ని పాఠశాలలలో కలదు. ఆ మార్పును ముందుగా తెలుపనిచో, గ్రంథపాలకుడు బల్లలపై పుస్తకములు పరచి, రాని పిల్లలకై గంటసేపు ఎదురుచూచుచు కూర్చుండును.