ఒక మందకు ఎన్ని పుంజులు?

ఇరవై నాటుకోడి పిల్లలను కొంటే వాటిలో సుమారు పది పుంజులవుతాయి. ఏది పెట్టో ఏది పుంజో తేల్చి అమ్మడం లేయర్ కోళ్ళ హ్యాచరీల్లో ఉంది గానీ, పెరటికోళ్ళ పిల్లలు సాధారణంగా కలిసే వస్తాయి. మిగతా పది పెట్టలకు కావలసింది ఒకే ఒక్క పుంజు. తక్కిన తొమ్మిదింటి సంగతి కొన్ననాడు ఎవరికీ తట్టదు.

చేవెళ్ళ, మొయినాబాద్ మండలాల్లో ఈ లెక్క ఐదో నెలలో బయటపడుతుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడడానికి 1996లో వచ్చిన 111 జీవో వల్ల మొయినాబాద్ చుట్టుపక్కల పెద్ద కట్టడాలకు అడ్డు పడింది. బీజాపూర్ రోడ్డు మర్రిచెట్లకు అటూ ఇటూ మామిడితోటలు, కూరగాయల మడులు, హైదరాబాద్ వాళ్ళ ఫామ్‌హౌస్‌లు పెరిగాయి. తోట ఉన్నచోట నాలుగు కోళ్ళు ఉండాలని అందరికీ ఉంటుంది. దగ్గర్లోని రాజేంద్రనగర్‌లోనే కోళ్ళ పరిశోధన సంచాలనాలయం ఉంది. వనరాజా, గ్రామప్రియ జాతులు అక్కడే పుట్టాయి. రాజశ్రీ జాతిని రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఇచ్చింది. మేలుజాతి పిల్లలు దొరకడానికి ఇంతకంటే అనువైన చోటు లేదు. కానీ నెలలు గడిచాక తోట కాపలా ఉండే మనిషి యజమానికి ఫోన్ చేసి చెప్పే మాట దాదాపు ఒకటే: “సార్, పుంజులు ఒకదాన్నొకటి సంపుకుంటున్నయి, మనుషుల మీదికి గూడ ఉరుకుతున్నయి.”

ఆ పుంజు పొగరుబోతు కాదు, దానికి పిచ్చీ పట్టలేదు. దాని పూర్వీకులు అడవిలో బతికిన పద్ధతే మన కంచె లోపల కూడా నడుస్తోంది. తేడా అల్లా కంచె ఉండడమే.

కోళ్ళ మందలో ఎవరు ఎవరిని పొడవవచ్చు అన్నదానికి ఒక వరుస ఉందని మొదట శాస్త్రీయంగా చూపినవాడు నార్వేకు చెందిన థోర్లీఫ్ షెల్డెరుప్-ఎబ్బె. చిన్నతనం నుంచే కోళ్ళను గమనిస్తూ వచ్చిన ఆయన తన పరిశీలనలను 1921, 1922లలో ప్రచురించాడు. ప్రతి పెట్టనూ విడివిడిగా గుర్తుపట్టి, మేత దగ్గర ఏది ఏ కోడిని పొడిచిందో, ఏది తలవంచి పక్కకు తప్పుకుందో రాసుకున్నాడు. అన్నిటికంటే పైనున్న పెట్ట అందరినీ పొడుస్తుంది, దాన్ని ఎవరూ పొడవరు. అట్టడుగున ఉన్నది అందరి చేతా పొడిపించుకుంటుంది. మధ్యలో వరుస ఎప్పుడూ నిచ్చెన మెట్లలా సాఫీగా ఉండదని కూడా ఆయనే చెప్పాడు: మొదటిది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని, ఆ మూడోది తిరిగి మొదటిదాన్ని పొడిచే ముక్కోణాలూ మందల్లో ఏర్పడతాయి. ఈరోజు ఆఫీసుల్లో, రాజకీయాల్లో వాడుతున్న ‘పెకింగ్ ఆర్డర్’ అనే మాట పుట్టింది ఈ కోళ్ళ గూటిలోనే.

ఈ వరుస ఎందుకు ఏర్పడింది అన్న ప్రశ్న దగ్గరే చాలామంది పొరబడతారు. వరుస ఉండడం వల్ల కొట్లాటలు వస్తున్నాయని అనుకుంటారు. నిజం దీనికి తలకిందులు. వరుస తేలేదాకా కొట్లాట ఉంటుంది. తేలాక పైకోడి మెడ ఎత్తి ఒక్క చూపు చూస్తే చాలు, కిందికోడి తప్పుకుంటుంది. రక్తం కారదు, మేత వృథా కాదు. అమెరికాలో గూల్, అల్లీ అనే శాస్త్రవేత్తలు 1944లో దీన్ని నేరుగా పరీక్షించారు. కొన్ని మందల్లో కోళ్ళను తరచూ తీసి కొత్తవాటిని పెడుతూ వచ్చారు, కొన్నిటిని కదపకుండా వదిలేశారు. కదిపిన మందల్లో పొడుచుకోవడం ఎక్కువైంది, మేత తినడం తగ్గింది, గుడ్లూ తగ్గాయి. వారం వారం సంతలో ఒక్కో కోడిని కొని తెచ్చి మందలో వదిలే అలవాటు ఉన్నవారు ఈ ప్రయోగాన్నే తమ దొడ్లో తెలియకుండా చేస్తున్నారు.

కోడి ఎదుటి కోడిని ముఖ్యంగా తలను బట్టి గుర్తుపడుతుంది. జుట్టు ఆకారం, రంగు, గడ్డం కింద వేలాడే ఎర్రటి తోలు దానికి గుర్తులు. జుట్టు ఆకారం మార్చేస్తే పాత మందే దాన్ని కొత్తదనుకొని పొడుస్తుంది. రెండు మూడు వారాలు విడిగా ఉంచి మళ్ళీ వదిలినా అంతే, పాత స్థానం పోతుంది, మళ్ళీ మొదటి నుంచి పోరాడాలి. జబ్బు చేసిన కోడిని గంప కింద వేసి, నయమయ్యాక వదలగానే మిగతావి మీదపడడం చాలామంది చూసే ఉంటారు.

పుంజుల దగ్గరికి వద్దాం. మందలో ఒక వరుస కాదు, రెండు వరుసలుంటాయి: పెట్టలది వేరు, పుంజులది వేరు. ఎదిగిన పుంజు మామూలుగా పెట్టలతో పోరుకు దిగదు. దాని తగవు సాటి పుంజుతోనే. ఒక రెక్క నేలకు జార్చి పక్కవాటుగా అడుగులు వేయడం, మెడ ఈకలు గొడుగులా విప్పడం, ముక్కుతో నేలను పొడుస్తున్నట్టు నటించడం, ఇవన్నీ పోరుకు ముందు ఇచ్చే హెచ్చరికలు. చాలా తగవులు ఇక్కడే ముగుస్తాయి. ముగియకపోతే ఎగిరి కాళ్ళతో తన్నుకుంటాయి. బరువు, జుట్టు పెద్దదవడం, అంతకుముందు గెలిచిన అనుభవం, సొంత చోట ఉండడం గెలుపును తేల్చుతాయి. డేగ, కాకి, నెమలి అని రంగులు చూసి, రోజులూ దిక్కులూ లెక్కగట్టి గెలుపు చెప్పే కుక్కుటశాస్త్రానికి జీవశాస్త్రంలో ఆధారం లేదు.

వెనకటికి పల్లెల్లో తొలికోడి, మలికోడి కూతలతో వేకువ లెక్కపెట్టేవారు. ఆ కూతలోనూ వరుస ఉందని జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయానికి చెందిన యోషిమురా బృందం తేల్చింది. 2013లో వాళ్ళు చూపింది మొదటి సంగతి: పుంజు వెలుగు చూసి కూయదు, ఒంట్లోని గడియారాన్ని బట్టి తెల్లవారక ముందే కూస్తుంది. 2015లో రెండోది వచ్చింది. కొన్ని పుంజులను కలిపి ఉంచితే అందరికంటే పైదే మొదట కూస్తుంది, తక్కినవి తమ తమ స్థానాల వరుసలో అందుకుంటాయి. పైపుంజును తీసేస్తే ఆ తొలికూత రెండోదానికి దక్కుతుంది. కిందిపుంజుకూ ఒంట్లో గడియారం ఉంది, కానీ పైవాడు కూసేదాకా ఆగుతుంది. నాకు తెలిసిన కోళ్ళ పరిశోధనల్లో ఇంత అందమైనది మరొకటి లేదు.

పైస్థానం ఊరికే వచ్చే భోగం కూడా కాదు. గింజ దొరికితే పుంజు తాను మింగకుండా గొంతులో చిన్నగా శబ్దం చేస్తూ, గింజను ఎత్తుతూ జారవిడుస్తూ పెట్టలను పిలుస్తుంది. ఆకాశంలో గద్ద కనిపిస్తే ఒక రకం కేక, నేల మీద కుక్కో పిల్లో వస్తే మరో రకం కేక వేస్తుంది. దగ్గర్లో పెట్టలుంటే ఆ గద్ద కేక మరింత ఎక్కువగా వినిపిస్తుందని ప్రయోగాల్లో తేలింది. మనం దుడుకు అంటున్నదీ ఈ కాపలా బుద్ధీ ఒక్క వేరు నుంచే పుట్టాయి.

ఆ వేరు వృషణాల్లో ఉందని 1849లోనే రుజువైంది. జర్మనీలో గోటింగెన్‌కు చెందిన ఆర్నాల్డ్ బెర్తోల్డ్ ఆరు లేతపుంజులకు వృషణాలు తీసేశాడు. కొన్నిటిని అలాగే వదిలాడు: వాటి జుట్టు పెరగలేదు, కూత రాలేదు, పోరు మీద ధ్యాస లేదు. మరికొన్నిటికి తీసిన వృషణాన్ని కడుపు లోపలే మరోచోట అమర్చాడు: అవి మామూలు పుంజుల్లాగే కూశాయి, కొట్లాడాయి. నరాలతో సంబంధం తెగినా పని జరిగింది కనక, ఏదో రక్తంలో కలిసి ప్రయాణిస్తోందని ఆయన తేల్చాడు. హార్మోన్ల శాస్త్రానికి ఇది తొలి ప్రయోగమని చెబుతారు. 1939లో అల్లీ బృందం మందలో అడుగున ఉన్న పెట్టలకు టెస్టోస్టిరాన్ ఇస్తే అవి వరుసలో పైకి ఎక్కాయి. ఎర్రటి పెద్ద జుట్టు ఆ హార్మోన్ చేసే పని కాబట్టే సాటి కోళ్ళు దాన్ని చూసి వెనక్కి తగ్గుతాయి.

అయితే చేవెళ్ళ రోడ్డు పక్క షెడ్లలో వేలకొద్దీ బ్రాయిలర్లు ఒక్కచోటే ఉండీ ఎందుకు ఇలా కొట్లాడవు? వాటికి ఆ వయసే రాదు. ఐదారు వారాలకే అవి మార్కెట్‌కు పోతాయి. పైగా గుంపు చాలా పెద్దదైతే ప్రతి కోడినీ గుర్తుపెట్టుకోవడం సాధ్యం కాక, కోళ్ళు వరుస కోసం పట్టుబట్టడం మానేస్తాయి. గుడ్లకోళ్ళలో కథ వేరు. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం మ్యూర్ ఒక్కో పెట్ట ఎన్ని గుడ్లు పెట్టిందని కాకుండా, కలిసి ఒకే పంజరంలో ఉన్న కుటుంబం మొత్తం ఎన్ని పెట్టింది, ఎన్ని బతికాయి అని చూసి తర్వాతి తరానికి ఎంపిక చేశాడు. ఆయన 1996లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఏడాది మరణాలు 68 శాతం నుంచి 9 శాతం లోపుకు దిగాయి. సాటికోళ్ళను తొక్కి ఎక్కువ గుడ్లు పెట్టే పెట్ట మందకు నష్టమే తెస్తుందని దీంతో తెలిసింది. దుడుకుతనం వంశంలో వస్తుంది, ఎంపికతో తగ్గించవచ్చు, పెంచవచ్చు కూడా.

పెంచినదానికి ఉదాహరణ మన దగ్గరే ఉంది: అసీల్. ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల జాతిగా గుర్తింపు పొందిన ఈ కోడిని తరతరాలుగా పోరాటం కోసమే ఎంచారు. దీని పిల్లలు కొన్ని వారాల వయసులోనే తీవ్రంగా పొడుచుకుంటాయి. మామూలు పుంజు ఓడిపోతున్నానని తెలియగానే పారిపోతుంది, అసీల్‌లో ఆ పారిపోయే గుణాన్నే మనిషి తగ్గించాడు. ఇందులో కోడి తప్పేమీ లేదు. అసీల్ పెట్ట గుడ్లు పొదగడంలో, పిల్లలను కాచుకోవడంలో మంచి తల్లి కూడా.

మొయినాబాద్ మండలంలోని తోల్కట్ట దగ్గర ఒక ఫామ్‌హౌస్‌లో 2025 ఫిబ్రవరిలో పోలీసులు కోడిపందేల స్థావరం మీద దాడి చేశారు. అరవైకి పైగా మందిని పట్టుకున్నారు, ఎనభైకి పైగా పందెంకోళ్ళను స్వాధీనం చేసుకున్నారు. పల్నాటి బ్రహ్మనాయుడు, నాగమ్మల కాలం నుంచి ఉన్నదేనని పందేలను సమర్థించేవారు పుంజు స్వభావమే పోరాటం కదా అంటారు. ఈ వాదన శాస్త్రానికి నిలవదు. మందలో తగవు చాలావరకు త్వరగానే తేలుతుంది, ఓడినది తప్పుకోవడానికి చోటుంటుంది, తేలిన తీర్పు నెలల తరబడి నిలుస్తుంది. బరిలో రెండూ ముఖపరిచయం లేని పుంజులు; ఒంటరిగా కట్టేసి పెంచినవి; పారిపోయే దారి లేదు; కాలికి కత్తి ఉంటుంది. హెచ్చరిక, లొంగుబాటు, విడిచిపెట్టడం అనే మూడు మెట్లనూ మనిషి తీసేశాడు. జంతువులను కొట్లాటకు పురికొల్పడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. ఆ కత్తి మనిషినీ వదలదు: 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లాలో పందెంకోడి కాలికి కట్టిన కత్తి తగిలి దాన్ని పట్టుకున్న మనిషే చనిపోయాడు.

ఇక తోటలో కోళ్ళు ఉన్నవారికి. ఎనిమిది నుంచి పది పెట్టలకు ఒక పుంజు చాలు. రెండు ఉంచాలంటే చోటు విశాలంగా ఉండాలి, ఒకదానికొకటి కనబడకుండా పోవడానికి పొదలో, తడికలో ఉండాలి. మేత, నీళ్ళు ఒక్కచోట కాక నాలుగైదు చోట్ల పెట్టాలి, అడుగున ఉన్న కోడి కడుపు నిండేది అప్పుడే. కొత్తకోళ్ళను ఒక్కొక్కటిగా తేవద్దు. కొన్నిటిని కలిపి తెచ్చి, వారం పదిరోజులు జాలీ అవతల ఉంచి, ఆపైన చీకటి పడ్డాక వదలాలి. రక్తం కారుతున్న కోడిని వెంటనే గంప కింద వేరు చేయాలి, ఎర్రటి గాయాన్ని మిగతావి వదిలిపెట్టవు. తల మీద కాక వీపు మీదా తోక మీదా ఈకలు పీకుతుంటే అది వరుస కోసం తగవు కాదు. ఇరుకు, పని లేకపోవడం, మేతలో మాంసకృత్తుల లోపం వల్ల వచ్చే వేరే సమస్య.

మనిషి మీదికి వచ్చే పుంజు మనల్ని సాటి పుంజుగా లెక్కగట్టింది. కర్రతో కొడితే, తన్నితే దాని దృష్టిలో పోరు మొదలైనట్టే. పరుగెత్తితే అది గెలిచినట్టే. కదలకుండా నిలబడి, వీలైతే రెక్కలు కదలకుండా పట్టి చంకలో పెట్టుకొని కాసేపు తిరగండి. వారాల తరబడి అలా చేసినా మారకపోతే ఆ పుంజును ఉంచుకోవద్దు, దాని పిల్లలనూ పొదిగించవద్దు. చిన్నపిల్లల ముఖం సరిగ్గా పుంజు ఎగిరే ఎత్తులో ఉంటుంది, కళ్ళకు ప్రమాదం. పుంజు కాలి ముల్లు దిగితే గాయం కడిగి, ధనుర్వాతం రాకుండా టీటీ ఇంజక్షన్ వేయించాలి.

మిగిలే పుంజులు చాలావరకు కూరకే పోతాయి, అందులో దాచేదేమీ లేదు. నాలుగో నెల నిండేలోపే వాటిని వేరు చేస్తే కొట్లాటలు రావు, పెట్టల వీపులు బోసిపోవు. పిల్లలను కొనే ముందే ఇది తేల్చుకోండి. సంక్రాంతికి నెల ముందు మంచి ఎత్తున్న పుంజు కావాలని ముఖపరిచయం లేని మనిషి వచ్చి మామూలు ధరకు పదింతలు ఇస్తానంటే, అది ఎక్కడికి పోతుందో మీకు తెలుసు. అమ్మకండి.