ఫోన్‌లోనే పిస్టన్ ఆడిద్దాం: జియోజీబ్రాతో కదిలే మెకానిజం

ఇంజిన్ ఎలా పనిచేస్తుందో చూపించే వీడియోలు యూట్యూబ్‌లో బోలెడున్నాయి. చూడ్డానికి బాగుంటాయి. కానీ కొన్నింటిని పాజ్ చేసి గమనించండి, కనెక్టింగ్ రాడ్ ఒక ఫ్రేమ్‌లో పొడుగ్గా, ఇంకో ఫ్రేమ్‌లో పొట్టిగా ఉంటుంది. క్రాంక్‌ని విడిగా, పిస్టన్‌ని విడిగా కదిపి మధ్యలో ఒక గీత అతికించేశారన్నమాట. ఇనుప రాడ్ సాగదు కదా! అదే బొమ్మ మ్యాథ్స్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తే ఈ మోసం కుదరదు. అక్కడ కదలికని మనం గీయం. పొడవులు చెప్తాం, ఒక కోణం ఇస్తాం. మిగతాదంతా లెక్క ప్రకారం దానంతటదే కదలాలి.

దీనికి నా ఓటు జియోజీబ్రాకే. 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ యూనివర్సిటీలో మార్కస్ హోహెన్‌వార్టర్ మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఇది. ఫోన్‌లో యాప్‌గానో, ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లోనో ఫ్రీగా వాడుకోవచ్చు. పైథాన్‌లోనూ చేయొచ్చు గానీ, ఏ ఫ్రేమ్‌లో ఏం గీయాలో కోడ్‌లో మనమే చెప్పాలి. మొదటిసారికి అంత తలనొప్పి అనవసరం.

ఇక పనిలోకి దిగుదాం. ముందు ఆల్ఫా పేరుతో ఒక స్లైడర్ పెట్టండి. టైప్ యాంగిల్, 0 నుంచి 360 డిగ్రీలు. (0, 0) దగ్గర ఒక పాయింట్, అది క్రాంక్ తిరిగే ఇరుసు. తర్వాత ఇన్‌పుట్‌లో (2; ఆల్ఫా) అని టైప్ చేయండి, ఆల్ఫా మాత్రం గ్రీకు అక్షరమే. మధ్యలో ఉన్నది కామా కాదు, సెమీకోలన్, చూసుకోండి. సెమీకోలన్ పెడితే "ఇంత దూరంలో, ఇంత కోణంలో" అని అర్థం. ఈ పాయింటే క్రాంక్ కొస.

ఇప్పుడు అసలు ట్రిక్. రాడ్ పొడవు 5 అనుకుందాం. దాని ఒక చివర క్రాంక్ కొసకి తగిలించి ఉంది. రెండో చివర ఎక్కడుండాలి? క్రాంక్ కొస నుంచి సరిగ్గా 5 యూనిట్ల దూరంలో ఉండాలి, అదే సమయంలో పిస్టన్ జారే గీత మీద, అంటే ఎక్స్ యాక్సిస్ మీద ఉండాలి. కాబట్టి క్రాంక్ కొస కేంద్రంగా 5 వ్యాసార్థంతో సర్కిల్ గీసి, అది ఎక్స్ యాక్సిస్‌ని తాకే చోటు ఇంటర్‌సెక్ట్ టూల్‌తో పట్టుకోండి. రెండు పాయింట్లు వస్తాయి. ఎడమది దాచేయండి, కుడిదే మన పిస్టన్. ఇరుసు నుంచి కొసకి, కొస నుంచి పిస్టన్‌కి సెగ్మెంట్లు కలిపి, సర్కిల్‌ని కూడా దాచి, స్లైడర్ పక్కన ప్లే నొక్కండి. క్రాంక్ ఒక చుట్టు తిరిగి మళ్లీ వెనక్కి వస్తుంటే స్లైడర్ సెట్టింగ్స్‌లో రిపీట్‌ని ఇంక్రీజింగ్‌కి మార్చండి.

బొమ్మ ఆడింది, బాగుంది. కానీ స్లైడర్‌ని 0 దగ్గర పెడితే పిస్టన్ 7 దగ్గర ఉంటుంది. 180 దగ్గర 3. అంటే సగం దారి 5. మరి క్రాంక్ 90 డిగ్రీల దగ్గర, పావు చుట్టు తిరిగినప్పుడు, పిస్టన్ సగం దారిలో ఉండాలిగా? ఉండదు. 21కి వర్గమూలం, అంటే దాదాపు 4.58 దగ్గర ఉంటుంది. రాడ్ అప్పుడు ఏటవాలుగా ఉంది, కాబట్టి అడ్డంగా దాని పొడవు 5 రాదు. నిజానికి పిస్టన్ 78.5 డిగ్రీలకే సగం దాటేసింది. పూర్తి చుట్టులో బయటి సగంలో గడిపేది సుమారు 157 డిగ్రీలే, లోపలి సగంలో 203.

కళ్లతో చూడాలంటే ఎక్స్ విలువ ఆల్ఫా, వై విలువ పిస్టన్ ఎక్స్ కోఆర్డినేట్ అయ్యేలా ఇంకో పాయింట్ పెట్టి ట్రేస్ ఆన్ చేయండి. పక్కనే 5 + 2 కాస్ ఎక్స్ గ్రాఫ్ గీయండి. రెండు చివర్లా కలుస్తాయి, మధ్యలో ట్రేస్ కిందకి జారుతుంది. ఈ చిన్న తేడాయే నాలుగు సిలిండర్ల ఇన్‌లైన్ ఇంజిన్లలో క్రాంక్ వేగానికి రెట్టింపు వేగంతో వచ్చే వణుకుకి కారణం. రెండు పిస్టన్లు పైకి, రెండు కిందకి పోతున్నా ఈ భాగం మాత్రం ఒకదాన్నొకటి కొట్టేసుకోదు, కలిసిపోతుంది. అందుకే కొన్ని కార్లలో రెట్టింపు వేగంతో తిరిగే బ్యాలెన్స్ షాఫ్ట్‌లు పెడతారు. రాడ్‌ని 20 చేసి చూడండి, 90 డిగ్రీల దగ్గర తేడా 0.42 నుంచి 0.1కి పడిపోతుంది. కానీ అంత పొడుగు రాడ్ పట్టాలంటే ఇంజిన్ ఎంత ఎత్తుండాలో ఊహించుకోండి!

ఇప్పుడు కావాలనే చెడగొడదాం. రాడ్ 1.5 చేయండి. క్రాంక్ 48.6 డిగ్రీలు దాటగానే రాడ్, పిస్టన్ రెండూ మాయం. సర్కిల్ యాక్సిస్‌ని అందుకోలేదు, పాయింట్ అన్‌డిఫైన్డ్ అయిపోయింది. నిజం మెషిన్ అయితే అక్కడే బిగుసుకుపోయేది. నాకు ఈ సాఫ్ట్‌వేర్‌లో బాగా నచ్చింది ఇదే. కుదరని డిజైన్‌ని అందంగా ఆడించి చూపించదు.

తర్వాత వైపర్ లాంటి నాలుగు లింకుల మెకానిజం ట్రై చేయండి. ఇరుసుల మధ్య దూరం 6, క్రాంక్ 2, కలిపే లింకు 5, ఊగే లింకు 4. ఈసారి యాక్సిస్‌కి బదులు రెండో ఇరుసు చుట్టూ 4 వ్యాసార్థంతో ఇంకో సర్కిల్, రెండు సర్కిళ్లు కలిసే చోటే కీలు. క్రాంక్‌ని 3 దాకా పెంచినా పూర్తి చుట్టు తిరుగుతుంది. 3.5 చేస్తే మాత్రం 180 దగ్గరికొచ్చేసరికి మాయమవుతుంది. క్రాంక్ కొస రెండో ఇరుసుకి 9.5 దూరం పోతుంది, రెండు లింకులూ కలిపి సాగదీసినా అందేది 9 మాత్రమే.