యాసే ఇంటిపేరైంది!

పుట్టింది మహారాష్ట్రలో. పేరు తెచ్చింది తెలంగాణ మాట. కేకలు పెట్టించింది రాయలసీమ కథ. నాటకాల స్టేజీ నుంచి వెండితెర దాకా గొంతునే పెట్టుబడిగా పెట్టుకుని బతికిన నటి... 'తెలంగాణ' శకుంతల.

మనిషి తెర మీదికి రాకముందే గొంతు వినపడేది. పక్కగదిలోంచో, వాకిట్లోంచో, గుంపు వెనక నుంచో ఒక్క కేక! అంతే... హాల్లో జనానికి అర్థమైపోయేది, శకుంతల వచ్చిందని. ఆ తర్వాత నవ్వాలో భయపడాలో తేల్చుకోవడానికి మాత్రం కాసేపు పట్టేది. మొగుణ్ని గద్దించినా, కూతుర్ని తిట్టినా, విలన్ కొడుకును వెనకేసుకొచ్చినా ఆ గొంతులో బెరుకు ఉండేది కాదు.

ఆమె అసలు పేరు కడియాల శకుంతల. 1951 జూన్ 9న పుట్టారు. సినిమావాళ్ల పేర్ల ముందు పేరు తెచ్చిన సినిమా చేరడం మామూలే. షావుకారు జానకి, సాక్షి రంగారావు, ఆహుతి ప్రసాద్... ఇలా ఎందరో. కానీ ఒక ప్రాంతం, ఆ ప్రాంతపు మాట ఇంటిపేరుగా మారడం అరుదు. అదీ అక్కడ పుట్టని మనిషికి!

కందకుర్తిలో నిలబడి వింటే...

మరాఠీ గడ్డన పుట్టిన అమ్మాయికి తెలంగాణ యాస అంత చక్కగా ఎలా అబ్బింది? కోస్తావాళ్లకు ఇది వింతగా తోచవచ్చు. నిజామాబాద్ జిల్లా వాళ్లకు మాత్రం ఇందులో వింతేమీ ఉండదు.

రెంజల్ మండలంలోని కందకుర్తినే తీసుకోండి. మహారాష్ట్ర నుంచి వచ్చే గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది అక్కడే. మంజీర, హరిద్ర వచ్చి కలిసేదీ అక్కడే. ఇవతల ఒడ్డున తెలుగు, అవతల ఒడ్డున మరాఠీ. పుష్కర స్నానానికి, సంతకు, పెళ్లి సంబంధానికి జనం అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. 1956 దాకా మరాఠ్వాడా, తెలంగాణ రెండూ హైదరాబాద్ రాష్ట్రంలోనివే. ఏటికి అవతలున్నది పరాయి రాష్ట్రమన్న మాటే అప్పట్లో లేదు.

ఇక కిందికి బోధన్ వైపు వస్తే... నిజాం కాలంలో, 1930ల చివర్లో శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. పనికోసం నలుదిక్కుల నుంచి మనుషులు వచ్చారు. నిజాంసాగర్ కాలువ నీళ్లను నమ్ముకుని కోస్తా రైతులు వచ్చి 'క్యాంపు'లు కట్టుకున్నారు. అందుకే ఇక్కడ ఒకే చాయ్ బండి దగ్గర తెలుగు, మరాఠీ, ఉర్దూ, వాటితోపాటు కోస్తా తెలుగూ వినిపిస్తాయి. పక్కింటి భాష ఇక్కడ ఎవరూ పుస్తకం పెట్టి నేర్చుకోరు. చెవిన వేసుకుంటారు.

శకుంతల ఈ ఊళ్ల మనిషి కాదు. కానీ ఆమెకు ఉన్నది ఇలాంటి చెవే. ఆ చెవితోనే హైదరాబాద్ చేరారు. నాటకం చేతపట్టుకున్నారు.

స్టేజీ నేర్పిన పాఠం

సినిమాల్లోకి రాకముందు ఆమె రంగస్థల నటి. అప్పటి నాటకాల్లో ఆడవాళ్లు తక్కువ. స్త్రీ పాత్ర వేసే నటి ఒక్కరే నాలుగైదు సమాజాలకు పనిచేయాల్సి వచ్చేది. ఇవాళ ఒకరి నాటకంలో అత్త, రేపు మరొకరి నాటకంలో తల్లి. రిహార్సల్స్‌కు దొరికే రోజులు కొద్ది. పాత్రను పట్టుకోవడానికి దగ్గరి దారి ఒక్కటే... ఆ మనిషి ఎలా మాట్లాడుతుందో పట్టుకోవడం.

దానికి తోడు మైకు సంగతి. పరిషత్తు నాటకాల్లో స్టేజీ ముందు వేలాడే మైకులు రెండో మూడో. నటి వెనక్కి తిరిగితే మాట సగం గాలికి పోతుంది. ఆఖరి వరుసలో కూర్చున్నవాడికీ వినపడాలంటే గొంతు బొడ్డులోంచి రావాలి. అరిచినట్టుండకూడదు, అందాలి. తర్వాత తెర మీద జనం చూసిన ఆ గాండ్రింపు వెనకున్నది ఈ సాధనే.

'మా భూమి'తో మొదలు

ఆమె సినీ ప్రయాణం మొదలైంది గొప్ప సినిమాతో. తెలంగాణ రైతాంగ పోరాటం మీద గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి.నర్సింగరావు నిర్మాణ భాగస్వామిగా 1979లో తయారైన 'మా భూమి'. సాయిచంద్‌కు అదే తొలి చిత్రం. గద్దర్ తెర మీద పాట పాడిందీ అందులోనే. పల్లె జనం తమ మాటే మాట్లాడుకునే సినిమా అది. తెలంగాణ యాస నవ్వించడానికి కాదు, బతుకు చెప్పడానికి తెర మీదికొచ్చిన సందర్భం. ఆ తర్వాత 'కుక్క' చిత్రంలో నటనకు శకుంతల నంది అవార్డు అందుకున్నారు.

అయితే అలాంటి సినిమాలు ఏడాదికెన్ని వస్తాయి?

మద్రాసులో పెరిగిన తెలుగు సినిమాకు హీరోహీరోయిన్ల భాష ఒకటి, మిగతావాళ్ల భాష ఒకటి. తెలంగాణ మాటను చాలాకాలం రౌడీలకు, పనివాళ్లకు, కమెడియన్లకు పంచిపెట్టారు. 1985లో 'ప్రతిఘటన'లో కోట శ్రీనివాసరావు ఆ యాసతో రాజకీయ నాయకుడిగా హడలెత్తించారు. ఆయనది కృష్ణా జిల్లా కంకిపాడు! జనం చప్పట్లు కొట్టారు. యాసకు మాత్రం విలన్ ముద్ర మరికాస్త గట్టిగా పడింది.

శకుంతలకు దొరికిన పాత్రలూ ఎక్కువగా ఇలాంటివే. గయ్యాళి అత్త, మొరటు తల్లి, నోరున్న పొరుగింటామె. 1997లో దాసరి నారాయణరావు 'ఒసేయ్ రాములమ్మా', 2001లో తేజ 'నువ్వు నేను'... ఇలా ఒక్కో సినిమాతో ఆమె గొంతు కొత్త ప్రేక్షకులకు చేరింది. పాత్ర చిన్నదైనా మాటలో నకిలీ ఉండేది కాదు. రాసిచ్చిన డైలాగును పల్లె ఆడది నిజంగా ఎలా అంటుందో అలా అనేవారు. వెక్కిరింతకు రాసిన వాక్యం కూడా ఆమె నోట పౌరుషంగా వినపడేది.

'ఒక్కడు' తల్లి... 'దూళ్' స్వర్ణక్క

తెలంగాణ శకుంతల అంటే తెలంగాణ పాత్రలే అనుకునేవారికి 2003 పెద్ద షాక్. గుణశేఖర్ 'ఒక్కడు'లో ప్రకాశ్‌రాజ్ తల్లిగా ఆమె సీమ గడప మీద నిలబడ్డారు. కొడుకు పంతాన్ని పెంచి పోషించే ఫ్యాక్షనిస్టు ఇంటి పెద్దావిడ. తెలంగాణలో 'యాడికి వోతున్నవ్' అనే మాట సీమకు వెళ్తే 'యాడికి పోతాండావు' అవుతుంది. అర్థం ఒకటే. సాగదీసే చోటు వేరు, విరిచే చోటు వేరు. ఆ తేడా తెలిసిన నటి కాబట్టే ఇంటిపేరులో తెలంగాణ ఉన్నా, సీమ జనం ఆమెను తమ మనిషే అనుకున్నారు.

అదే ఏడాది తమిళంలో విక్రమ్ 'దూళ్'. ధరణి దర్శకుడు. అందులో హీరోకు ఎదురు నిలిచే విలన్ స్వర్ణక్క... శకుంతలే! యాభై దాటిన ఆడమనిషిని, గ్లామరేమీ లేకుండా, మాస్ హీరోకు ప్రతినాయికగా నిలబెట్టడం ఏ భాషలోనైనా అరుదే.

ఇంకో సంగతి. తెలుగు తెర మీద ఎందరో హీరోయిన్ల గొంతు వాళ్లది కాదు. ముఖం ముంబైది, మాట డబ్బింగ్ ఆర్టిస్టుది. శకుంతల విషయంలో అలా కుదరదు. గొంతు తీసేస్తే ఆ పాత్రే మిగలదు. నిర్మాత డబ్బిచ్చేదే ఆ గొంతుకు!

వరమా... బంధనమా?

యాస ఆమెకు అన్నం పెట్టింది. అదే యాస ఆమె చుట్టూ గీత కూడా గీసింది. 'మా భూమి'తో మొదలైన నటికి 'మా భూమి' లాంటివి మళ్లీ ఎన్ని దొరికాయి? కేకలు వేయించుకున్న దర్శకుల్లో మెల్లగా మాట్లాడించినవారు ఎందరు? తెలంగాణ ప్రేక్షకుడికీ ఆమెను చూస్తే రెండు భావాలు కలిగేవి. మన మాట తెర మీద వినపడుతోందన్న సంబరం ఒకటి. మన మాట వినగానే హాలంతా ఎందుకు నవ్వుతోందన్న చిన్న ముల్లు ఒకటి.

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. సరిగ్గా 12 రోజులకు, జూన్ 14న, హైదరాబాద్ శివారు కొంపల్లిలోని ఇంట్లో గుండెపోటుతో శకుంతల కన్నుమూశారు. 63 ఏళ్లు. ఆ పేరు రాష్ట్రం కాకముందు నుంచే దాన్ని టైటిల్ కార్డుల మీద మోసిన మనిషి... ఆ రాష్ట్రాన్ని చూసింది రెండు వారాల లోపే.

మూడేళ్లు గడిచాయి. 2017లో శేఖర్ కమ్ముల 'ఫిదా' వచ్చింది. కథ జరిగేది పాత నిజామాబాద్ జిల్లా బాన్సువాడలో. నిర్మాత ఈ జిల్లా వాడే, దిల్ రాజు. హీరోయిన్ భానుమతి సినిమా పొడుగునా తెలంగాణ యాసే మాట్లాడింది. ఎవరూ వెక్కిరింతగా నవ్వలేదు, మనసు పారేసుకున్నారు! ఆ పాత్ర వేసి, సొంత గొంతుతో డబ్బింగ్ చెప్పిన సాయిపల్లవిది తమిళనాడు. 2023లో 'బలగం' నాటికి ఇంటిల్లిపాదీ ఆ యాసలోనే ఏడ్చారు, ఏడిపించారు.

కంకిపాడు కోట, మహారాష్ట్ర శకుంతల, తమిళనాడు సాయిపల్లవి... ముగ్గురూ బయట పుట్టి ఈ మాటను చెవితో పట్టుకున్నవారే. ఎవరి ప్రతిభా తక్కువ కాదు. మారిందల్లా మాటకు ఇచ్చిన పాత్ర. విలన్ నోట, గయ్యాళి నోట నలిగిన యాస చివరికి కథానాయిక నోట పలికింది. ఆ మధ్యకాలమంతా దాన్ని తెర మీద బతికించినవారిలో శకుంతల ఒకరు. ఇప్పుడు టీవీలో ఆమె పాత సినిమా వస్తుంటే నవ్వండి, తప్పులేదు. కాకపోతే ఆ నవ్వు ఆగాక ఒక్కసారి ఆ గొంతును మళ్లీ వినండి!