కదలు బొమ్మల కంప్యూటరు ఏల మందగించును?

కదలు బొమ్మలు మన ప్రాంతమునకు క్రొత్త కాదు. ధర్మవరము సమీపమున గల నిమ్మలకుంట తోలుబొమ్మలకు ప్రసిద్ధి చెందిన గ్రామము. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది. తోలుబొమ్మకు తల, చేతులు, కాళ్లు వేరువేరు ముక్కలుగా కోసి, దారముతో కూర్చి, తెర వెనుక దీపపు వెలుగులో ఆడింతురు.

నేడు కంప్యూటరుపై ప్రకటనలు, పెండ్లి పిలుపులు, సినిమా పేర్లు కదలించు పద్ధతియు ఇట్టిదే. అక్షరము ఒక పొర, బొమ్మ ఒక పొర, వెనుక దృశ్యము వేరొక పొర. ఈ పనికి వాడు సాఫ్టువేరులలో 1993లో వెలువడిన ఆఫ్టర్ ఎఫెక్ట్స్ మిక్కిలి ప్రచారము పొందినది. అయితే ఒక్క భేదము కలదు. బొమ్మలాటగాడు చేయి కదలించిన తక్షణమే నీడ కదలును. కంప్యూటరు మాత్రము పొరలన్నిటిని కలిపి ప్రతి చిత్రమును లెక్కకట్టి తయారు చేయవలెను. ఆ లెక్క ఆలస్యమైనప్పుడు యంత్రము మందగించినదని మనమందుము.

చిలమత్తూరులో ఒక యువకుడు, పొరుగుననే ఉన్న లేపాక్షి నందిని చూపుచు, 10 సెకండ్ల ప్రకటన తయారు చేయుచున్నాడనుకొందము. మరునాటి ఉదయము దానిని అప్పగింపవలెను. తెరమీద బొమ్మ ముందుకు సాగదు. క్రొత్త గ్రాఫిక్సు కార్డు కొనుమని స్నేహితుల సలహా. కాని రోగమేదో తెలియక మందు కొన్నట్లు, అప్పుచేసి తెచ్చిన కార్డు వలన ఏమియు ప్రయోజనము లేకపోవచ్చును. కావున ముందు లెక్క చూతము.

సామాన్యముగా వీడియో చిత్రమునకు అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. అనగా మొత్తము 20,73,600 చుక్కలు. ఎరుపు, ఆకుపచ్చ, నీలము, పారదర్శకత అను నాల్గింటికి చుక్కకు 4 బైట్లు కావలెను. ఒక్క చిత్రమునకు సుమారు 83 లక్షల బైట్లు. సెకండుకు 25 చిత్రముల చొప్పున 10 సెకండ్లకు 250 చిత్రములు. అవి మెమరీలో 2 గిగాబైట్లకు పైగా స్థలము నాక్రమించును. నిమిషము నిడివి గల చిత్రమునకు 12 గిగాబైట్లు దాటును. 8 గిగాబైట్ల మెమరీ గల యంత్రములో ఇది యెట్లు ఇముడును?

25 చిత్రములు సెకండులో చూపవలెననిన, ఒక్కొక్క చిత్రమునకు లభించు వ్యవధి సెకండులో 25వ వంతే. చిత్రమునకు ఒక సెకండు పట్టినచో, 10 సెకండ్ల ప్రకటన మొదటిసారి సిద్ధమగుటకు 4 నిమిషములకు పైగా పట్టును. సాఫ్టువేరు ఆ చిత్రములను మెమరీలో దాచుకొని, రెండవసారి వేగముగా చూపును. కావున మొదటిసారి ఆలస్యము రోగము కాదు; స్వభావము. రెండవసారియు ఆగి ఆగి నడిచినచో అప్పుడు మెమరీని శంకింపవలెను. చూచునపుడు నాణ్యతను సగమునకు తగ్గించినచో, అడ్డము సగము, నిలువు సగమై, చుక్కలు నాల్గవ వంతుకు తగ్గును. తుది చిత్రమునకు దీనివలన ఏ లోపమును రాదు.

ఇక దోషమెచ్చటనున్నదో కనుగొను ఉపాయము. ప్రకటనలో 16 పొరలున్నవనుకొందము. మొదట 8 పొరలను మూసి చూడుడు. వేగము పెరిగినచో దోషము మూసిన వానిలో కలదు. లేనిచో మిగిలిన వానిలో కలదు. ఆ ఎనిమిదింటిని నాలుగుగా, రెండుగా, ఒకటిగా విభజించినచో 4 పరీక్షలలో భారమైన పొర దొరకును. ఒక పరీక్షలో ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. రెండు మార్పులు ఒకేసారి చేసినచో దేనివలన మేలు కలిగినదో తెలియదు.

తరచుగా దొరకు దోషులు ఇవి. మొదటిది, అవసరమునకు మించిన ఫోటో. నంది ఫోటో 6000 చుక్కల వెడల్పు, 4000 చుక్కల ఎత్తు ఉన్నచో, డిస్కుపై చిన్న ఫైలుగనే కనిపించును. తెరచిన పిమ్మట అది 9 కోట్ల 60 లక్షల బైట్లగును. తెరకు కావలసిన దానికి పదకొండు రెట్లకు మించినది! నందిని దగ్గరకు తెచ్చి రెండింతలుగా చూపవలెనన్నను 3840 చుక్కల వెడల్పు చాలును.

రెండవది, ఫోనులో తీసిన వీడియో. స్థలము ఆదా చేయుటకు ఫోను అన్ని చిత్రములను పూర్తిగా వ్రాయదు. పెక్కింటిలో ముందు చిత్రమునకును దీనికిని గల భేదమునే వ్రాయును. అందువలన మధ్యనున్న ఒక చిత్రము కావలెనన్న, వెనుకనున్న పూర్తి చిత్రము నుండి లెక్క ఆరంభింపవలెను. ప్రతి చిత్రమును విడిగా వ్రాయు ప్రోరెస్ వంటి రూపమునకు మార్చినచో ఫైలు పెద్దదగును గాని పని తేలికపడును.

మూడవది, కదలికకు మసక కల్పించు సౌకర్యము. ఒక్క చిత్రమునకు 16 నమూనాలు తీసి కలుపునప్పుడు పనియు ఇంచుమించు అన్ని రెట్లు పెరుగగలదు. పని చేయునంత సేపు దీనిని ఆపి, చివర మాత్రమే తెరువవలెను. మార్పు అవసరము లేని భాగములను ముందే వీడియోగా తయారు చేసి ఉంచుకొనుటయు మంచిది.

ల్యాప్‌టాపు మొదటి కొద్ది నిమిషములు చురుకుగా నడిచి, పిమ్మట నెమ్మదించినచో, కారణము వేడిమి కావచ్చును. మితిమీరి వేడెక్కిన ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును. ఎండకాలములో ఇది మరింత ఎక్కువ. గాలి ద్వారములలోని దుమ్ము తీయించి, పరుపుపై గాక గట్టి బల్లపై పెట్టుడు.

తుది ప్రతిని ఒకే వీడియోగా గాక, వరుస చిత్రములుగా వ్రాయించుట క్షేమము. 180వ చిత్రము వద్ద కరెంటు పోయినను, వెనుకటి 179 చిత్రములు మిగులును. అచ్చట నుండి సాగింపవచ్చును. ఒకే ఫైలుగా వ్రాయుచుండగా పోయినచో మొత్తము పాడగు ప్రమాదము కలదు.

ఇన్నియు చేసి చూచిన తరువాతనే కొనుగోలు మాట. యంత్రములోని టాస్క్ మేనేజరును తెరచి, పని జరుగుచుండగా ఏది పూర్తిగా నిండుచున్నదో గమనింపుడు. మెమరీ నిండినచో మెమరీ, డిస్కు ఆలస్యమైనచో వేగము గల ఎస్‌ఎస్‌డీ, ప్రాసెసరే ఊపిరి పీల్చుకొనలేకున్నచో ప్రాసెసరు కావలెను. కొలిచి కొన్న వస్తువు రూపాయికి రూపాయి పని చేయును. ఊహించి కొన్నది బల్లమీద అలంకారముగ మిగులును.