పిక్క పట్టేస్తే వాతమని ఊరుకోవద్దు
పూడిన రక్తనాళాన్ని బాగు చేస్తే కాలు దక్కుతుంది

గట్టు మీద నాలుగడుగులు నడవగానే పిక్క పట్టేస్తుంది. కాసేపు నిలబడితే సర్దుకుంటుంది. మళ్లీ నడిస్తే మళ్లీ అదే బాధ. వాతమనుకుని తైలాలు రాసుకుంటూ చాలామంది నెలలు గడిపేస్తారు. చివరకు వేలు నల్లబడి, పుండు మానక, కాలు తీసేయాల్సిన స్థితిలో ఆస్పత్రికి చేరుతున్నారు.

ఇది తరచుగా కాలికి రక్తం తెచ్చే నాళం పూడుకుపోవడం వల్ల వచ్చే బాధ. కాలువ పూడితే చివరి చేలకు నీరందనట్లే, పాదానికి రక్తం అందదు. బీడీ, చుట్ట, సిగరెట్ తాగేవారికి, చక్కెర వ్యాధి, రక్తపోటు ఉన్నవారికి ఈ ముప్పు ఎక్కువ.

పూడిక తీసే పద్ధతులు

1946లో లిస్బన్ నగరంలో డాక్టర్ సిడ్ దోస్ శాంతోస్ తొడ రక్తనాళాన్ని కోసి, లోపలి పూడిక తీసి, తిరిగి కుట్టారు. గజ్జ దగ్గర అడ్డు ఉంటే నేటికీ ఈ పద్ధతి వాడుతున్నారు. 1948లో పారిస్‌లో డాక్టర్ కున్లిన్ రోగి కాలి సిరనే తీసుకుని, అడ్డుకు పైన, కింద అతికి రక్తానికి పక్కదారి వేశారు. అదే బైపాస్.

1964లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 82 ఏళ్ల వృద్ధురాలు కాలు తీయించుకోనని పట్టుబట్టింది. డాక్టర్ డాటర్ పెద్ద కోత లేకుండా సన్నని గొట్టాలు పంపి నాళాన్ని వెడల్పు చేశారు. ఆమె కాలు దక్కింది. 1974లో జ్యూరిచ్‌లో డాక్టర్ గ్రుంట్‌జిగ్ గొట్టం చివర చిన్న బెలూన్ అమర్చి ఈ పద్ధతిని మెరుగుపరిచారు.

గంటల్లో ముప్పు

కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, మొద్దుబారితే రక్తపు గడ్డ అడ్డుపడి ఉండవచ్చు. ఆరు గంటలు దాటితే కాలు దక్కడం కష్టమవుతుంది. బెలూన్ గొట్టంతో గడ్డను బయటకు లాగే పద్ధతిని 1960లలో అమెరికా సర్జన్ ఫోగర్టీ వాడుకలోకి తెచ్చారు. అలాంటి కాలికి వేడి కాపడం పెట్టకూడదు. వెంటనే పెద్దాస్పత్రికి తీసుకెళ్లాలి.

పొగాకు మానాల్సిందే

పడుచు వయసులోనే పొగతాగేవారికి వచ్చే బర్జర్స్ వ్యాధిలో సన్నని నాళాలు మూసుకుపోతాయి. బైపాస్ వేయడానికి చాలామందికి వీలుండదు. పొగాకు పూర్తిగా మానడమే అసలు మందు. ఆపరేషన్ అయినవారు మళ్లీ బీడీ ముట్టిస్తే బాగు చేసిన నాళమూ మూసుకుపోవచ్చు.

పాదం మీద నాడి చూసి, చేతి దగ్గర, చీలమండ దగ్గర రక్తపోటు కొలిచి పోల్చితే జబ్బు ఉన్నదీ లేనిదీ చాలావరకు తెలుస్తుంది. కోత అక్కర్లేని పరీక్ష ఇది. చక్కెర వ్యాధి ఉన్నవారు రోజూ పడుకునే ముందు పాదాలు చూసుకోవాలి. చిన్న పుండైనా మానకపోతే నాటుమందు కట్టి ఊరుకోకుండా డాక్టరుకు చూపించాలి.