మన వ్రాత మన చేతిలో: లైనక్స్ వాడువారికి నోట్సు ఆప్‌ల ఎంపిక

మన సీమలోని కరణములు గ్రామ విషయములను వ్రాసి ఉంచిన పుస్తకమునకు కవిలె అని పేరు. ఉర్దూ సాహిత్యాభిమానులు తమకు నచ్చిన కవితలను ఎత్తి వ్రాసికొను చిన్న పుస్తకమునకు బయాజు అని పేరు. పంతొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో కర్నల్ కాలిన్ మెకంజీ సేకరింపజేసిన స్థానిక చరిత్రలు కైఫియత్తులుగా ప్రసిద్ధికెక్కినవి. అవి తెలుగు వ్రాతలు. పేరు మాత్రము అరబీ, ఫార్సీల మీదుగా మనకు వచ్చినది. వానిలో పెక్కింటికి ఆధారము గ్రామములలోని దండకవిలెలే. వ్రాసిన కరణము పేరు మరుగున పడిన పిదప కూడ ఆ వ్రాత నిలిచినది. దానిని చదువుటకు ఆ కరణము వాడిన గంటము అక్కరలేదు, అక్షరజ్ఞానము చాలును.

నేడు మన నోట్సులు కాగితము నుండి కంప్యూటరుకు చేరుచున్నవి. వానికి ఈ గుణము ఉన్నదా లేదా అన్నదే ఈ వ్యాసమునందు మేము చర్చింపదలచిన విషయము. ముఖ్యముగా లైనక్స్ వాడు విద్యార్థులను దృష్టియందుంచుకొని వ్రాయుచున్నాము.

లైనక్స్‌ను గూర్చి ఒక మాట. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రణాళిక, ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో వెలువరించిన లైనక్స్ కెర్నెల్ కలసి నేటి ఈ వ్యవస్థకు పునాది వేసినవి. దానిని ఎవరైనను ఉచితముగా పొందవచ్చును, పంచవచ్చును, మార్చవచ్చును. మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14తో ముగించెను. అందుచేత క్రొత్త విండోస్‌కు తగని పాత కంప్యూటర్లు ఉన్నవారికి లైనక్స్ ఒక చక్కని ఆశ్రయమైనది. తెలుగువారిలో హైదరాబాదు కేంద్రముగా 2005లో ఏర్పడిన స్వేచ్ఛ సంస్థ లైనక్స్‌ను తెలుగులోనికి తెచ్చుటకు చేసిన కృషి స్మరింపదగినది.

ఇక అసలు విషయము. ఆ మధ్య మేము పాత వార్షిక సంచికలోని ఒక వ్యాసమును మరల చదువగోరి, పెన్ డ్రైవులో ఉన్న ఫైలును లైనక్స్ కంప్యూటరులో తెరచితిమి. తెలుగు అక్షరములకు బదులు ఆంగ్ల అక్షరములు, విరామ చిహ్నములు కుప్పగా పోసినట్లు కనిపించెను. ఫైలు చెడిపోలేదు. అది డి.టి.పి. కొరకు రూపొందిన ఒక పాత ఫాంటులో టైపు చేయబడినది. అటువంటి ఫాంట్లలో ఆంగ్ల అక్షరమునకు చెందిన సంఖ్యయందే తెలుగు అక్షరపు బొమ్మను కూర్చుండబెట్టుదురు. ఆ ఫాంటు ఉన్నంతకాలము అది తెలుగు. లేనినాడు అర్థములేని గుర్తులు. అదృష్టవశమున అచ్చు ప్రతి ఒకటి దొరకుటచే వ్యాసమును మరల టైపు చేసికొంటిమి. కాగితము లేకున్నచో ఒక విద్యార్థి శ్రమ మాసిపోయి ఉండెడిది.

ఉర్దూ వారికి ఈ కష్టము క్రొత్త కాదు. 1994లో వెలువడిన ఇన్‌పేజ్ నస్తాలీఖ్ లిపి ముద్రణకు చేసిన ఉపకారము గొప్పది. అయినను దాని తొలి రూపములలో వ్రాసిన ఫైళ్లను మామూలు టెక్స్టు ఎడిటరుతో తెరచి చదువుట సాధ్యము కాదు.

ఈ చిక్కునకు విరుగుడు యూనికోడ్. 1991లో వెలువడిన దాని తొలి ప్రమాణములోనే తెలుగునకు, ఉర్దూ వాడు అరబీ లిపికి వేర్వేరు స్థానములు లభించినవి. తెలుగునకు కేటాయించిన స్థానములు 128. ఈ పద్ధతిలో ప్రతి అక్షరమునకు తనదైన సంఖ్య ఉండును. ఫాంటు మారినను అక్షరము మారదు. కనుక నోట్సు ఆప్‌ను ఎన్నుకొనునప్పుడు, అది యూనికోడ్‌లో వ్రాయునా అని చూచుట మొదటి మెట్టు. నేటి ఆప్‌లలో అన్నియు దాదాపు ఈ మెట్టు దాటినవే. ఆ పైన మూడు ప్రశ్నలు వేసికొనవలెను.

మొదటి ప్రశ్న: ఆప్ పోయిన నాడు నా వ్రాత ఏమగును? ఇది ఊహాజనితమైన భయము కాదు. 2004లో పుట్టిన టాంబాయ్ అను నోట్సు ఆప్ ఒకప్పుడు ఉబుంటు లైనక్స్‌తో పాటే వచ్చెడిది. 2012 నాటి ఉబుంటు 12.04 నుండి దానిని తొలగించిరి. ఆ నోట్సులను ఇంటర్నెట్టులో భద్రపరచిన ఉబుంటు వన్ సేవ 2014లో మూతపడెను. అయినను టాంబాయ్ తన నోట్సులను సాధారణ ఎడిటరుతో చదువదగిన ఫైళ్లుగా కంప్యూటరులోనే ఉంచినందున, దాని వారసునివంటి జీనోట్ వానిని స్వీకరింపగలిగెను. ఇంకొక ఉదాహరణము: 2023 డిసెంబరులో ఎవర్‌నోట్ సంస్థ తన ఉచిత ఖాతాలను 50 నోట్సులకు, ఒకే నోటుపుస్తకమునకు పరిమితము చేసెను. వ్యాపార సంస్థ తన నియమములను మార్చుకొనుట దాని ఇష్టము. దానిపై ఆధారపడినవాడు మాత్రము పరీక్షల నడుమ కూడ నోట్సులను తరలించుకొనవలసి వచ్చును.

రెండవ ప్రశ్న: నా రెండు లిపులను అది సరిగా మోయునా? తెలుగు ఎడమ నుండి కుడికి, ఉర్దూ కుడి నుండి ఎడమకు సాగును. యూనికోడ్ నియమము ప్రకారము, వేరే ఆదేశము లేనిచో, ఒక పేరా ఏ దిశగా సాగవలెనో ఆ పేరాలోని మొదటి అక్షరమును బట్టి నిర్ణయింపబడును. ఉర్దూ పేరాను ఒక తెలుగు మాటతో ఆరంభించినచో పేరా మొత్తము ఎడమవైపునకు ఒరిగి, పూర్ణవిరామము వింత చోట పడును. కనుక ఉర్దూను, తెలుగును వేర్వేరు పేరాలలో వ్రాయుట మేలు. ఆప్‌ను పరీక్షించుటకు మేము ఒక చిన్న ఉపాయము చెప్పెదము. ఒక ఉర్దూ పేరా, ఒక తెలుగు పేరా, రెండింటిలోను ఒక సంవత్సరము అంకెలతో వ్రాయుడు. తెలుగు ఒత్తులు విడిపోకున్నవా, నస్తాలీఖ్ అక్షరముల పై భాగము వరుసల నడుమ తెగిపోకున్నదా చూడుడు. నోటో నస్తాలీఖ్ ఉర్దూ, లోహిత్ తెలుగు వంటి ఉచిత ఫాంట్లు ఇందుకు చాలును.

వెదకుటయందు కూడ ఒక సూక్ష్మము కలదు. అరబీ ‘యే’, ఉర్దూ ‘యే’ మాట నడుమ ఒకేలా కనిపించును గాని వాని సంఖ్యలు వేరు. ఒకదానితో వ్రాసి మరొకదానితో వెదకినచో మాట దొరకకపోవచ్చును. అట్లే తెలుగులో ‘లైనక్స్‌లో’ వంటి మాటలలో ‘క్స్‌’కును ‘లో’కును నడుమ కంటికి కనబడని ఒక గుర్తు ఉండవచ్చును. అది ఉన్న మాటయు, లేని మాటయు కంప్యూటరు దృష్టిలో రెండు మాటలు. కావున ఎల్లప్పుడును ఒకే కీబోర్డు పద్ధతితో టైపు చేయుట ఉత్తమము. తెలుగునకు ఇన్‌స్క్రిప్ట్ అమరికయు, ఉర్దూకు ధ్వనిని అనుసరించు ఫొనెటిక్ అమరికయు లైనక్స్‌లో లభించును.

మూడవ ప్రశ్న: నా పరిస్థితికి అది తగునా? వడమాలపేట నుండి ఒకవైపు తిరుపతికి, మరొకవైపు పుత్తూరుకు చదువుల కొరకు నిత్యము బస్సులలో తిరుగు విద్యార్థికి ఇంటిలో ఫోను, కళాశాలలో కంప్యూటరు, చేతిలో పెన్ డ్రైవు ఉండవచ్చును. నెట్టు లేనప్పుడు తెరచుకొనని ఆప్ అతనికి నిరుపయోగము. పాత యంత్రమును కుంటినడక నడిపించు ఆప్ కూడ అట్టిదే.

ఈ మూడు ప్రశ్నలతో కొన్ని ఆప్‌లను తూచి చూతము.

జిమ్ అను ఆప్ ప్రతి పుటను ఒక సాధారణ టెక్స్టు ఫైలుగా, విభాగములను ఫోల్డర్లుగా భద్రపరచును. ఒక పుట నుండి మరొక పుటకు లంకె వేయవచ్చును. ఆప్‌ను తొలగించినను ఏ ఎడిటరుతోనైనను నోట్సు చదువవచ్చును. పాత కంప్యూటరుకు ఇది భారము కాదు. ఫోనుకు తగిన జిమ్ ఆప్ లేకపోవుట దీని కొరత.

జోప్లిన్ లైనక్స్‌లోను, ఫోనులోను పనిచేయును. ఇది కూడ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. నోట్సులను మార్క్‌డౌన్ అను తేలిక పద్ధతిలో వ్రాయించును. 2004లో జాన్ గ్రూబర్ ప్రకటించిన ఈ పద్ధతిలో శీర్షికకు ముందు ఒక గుర్తు, ముఖ్యమైన మాటకు ఇరువైపుల నక్షత్రములు పెట్టిన చాలును. జోప్లిన్ తన నోట్సులను డేటాబేసులో దాచును గాని, కోరినప్పుడు అన్నింటిని మార్క్‌డౌన్ ఫైళ్లుగా బయటకు ఇచ్చును. యంత్రముల నడుమ పంపునప్పుడు గుప్తలిపిలో భద్రపరచు సౌకర్యమును కలదు. పాత యంత్రమునకు జిమ్ కంటె కొంత బరువైనది.

ఆబ్సిడియన్ వెల లేనిది, అందమైనది. నోట్సులను మార్క్‌డౌన్ ఫైళ్లుగా మన ఫోల్డరులోనే ఉంచును. దాని మూల సంకేతము మాత్రము బహిరంగము కాదు. ఆప్ వారిది, ఫైళ్లు మనవి అని తెలిసికొని వాడుకొనవచ్చును.

చెర్రీట్రీ చెట్టు కొమ్మల వలె అధ్యాయములను అమర్చును. సాధారణముగా నోట్సు అంతయు ఒకే ఫైలులో ఉండుటచే మోసికొనిపోవుట సులభము. ఆ ఒక్క ఫైలు చెడినచో నష్టము కూడ మొత్తమునకే. పాఠ్యపుస్తకముల పి.డి.ఎఫ్. ప్రతులపై గీతలు గీయుటకు, గణిత సూత్రములను చేతితో వ్రాయుటకు జోర్నల్ ప్లస్‌ప్లస్ తగినది. ఇక ఈమాక్స్ ఎడిటరుతో కూడిన ఆర్గ్ మోడ్‌ను 2003లో ఖగోళ శాస్త్రజ్ఞుడు కార్‌స్టెన్ డొమినిక్ తన అవసరము కొరకు సృష్టించెను. అది శక్తిమంతము, నేర్చుటకు ఓర్పు కావలెను. దాని ఫైళ్లును సాధారణ టెక్స్టే.

మా అభిప్రాయమును సూటిగా చెప్పవలెనన్నచో, ఒకే కంప్యూటరు కలవాడు జిమ్‌తో ఆరంభించుట మంచిది. ఫోనులో కూడ నోట్సు చూడవలసినవాడు జోప్లిన్ తీసికొనవచ్చును. ఏది ఎన్నుకొన్నను, మొదటి వారములోనే పది నోట్సులు వ్రాసి, వానిని బయటకు తీసి, వేరొక ఎడిటరుతో తెరచి చూడుడు. ఇల్లు కొనువాడు వాకిలిని చూచినట్లే దొడ్డిదారిని కూడ చూచును గదా! లోనికి పోవు దారి అన్ని ఆప్‌లకు ఉండును. బయటకు వచ్చు దారి కొన్నింటికే ఉండును.

మంచి ఆప్ సైతము అజాగ్రత్తను కాపాడలేదు. వారమునకొకసారి నోట్సుల ఫోల్డరును పెన్ డ్రైవునకు నకలు తీసికొనుడు. మరొక ప్రతిని వేరొక చోట ఉంచుడు. స్థలము లేదన్న మాట చెల్లదు. యూ.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక తెలుగు అక్షర సంకేతమునకు మూడు బైట్లు, ఉర్దూ అక్షరమునకు రెండు బైట్లు పట్టును. రెండువేల సంకేతములు గల తెలుగు పుట ఆరువేల బైట్లకు మించదు. అనగా ఒక గిగాబైటులో లక్షకు పైగా పుటలు ఇముడును. మూడేండ్ల డిగ్రీ చదువు అందులో ఒక మూలకు కూడ చాలదు.

తుదకు కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ఈ వార్షిక సంచిక రెండు భాషలలో వెలువడుచున్నది. విద్యార్థుల తొలి రచనలు పెక్కింటికి ఇదియే ఏకైక నిలయము. ముద్రణకు పంపు ఫైళ్లతో పాటు, ప్రతి రచనను యూనికోడ్ టెక్స్టు ఫైలుగా ఒక ప్రతి తీసి గ్రంథాలయమునందు భద్రపరచినచో, మేము పడిన పాటు రేపటి విద్యార్థులు పడనక్కరలేదు. దీనికి ఖర్చు లేదు. ఒక నియమము, ఒక ఫోల్డరు చాలును.

విద్యార్థి మిత్రులారా, ఆప్‌లు వచ్చును, పోవును. మన చేతిలో ఉండవలసినది వ్రాత. ఇరువదేండ్ల పిదప మీ బిడ్డ మీ నోట్సును తెరచినప్పుడు, అందులోని తెలుగు తెలుగుగాను, ఉర్దూ ఉర్దూగాను కనిపించునా? ఈ ప్రశ్నకు అవునని సమాధానమిచ్చు ఆప్‌నే ఎన్నుకొనుడని మేము కోరుచున్నాము.