పద్యం ఎవరిని పిలిచింది?

అద్దంకిలో దొరికిన పండరంగని శాసనం క్రీ.శ. 848 నాటిది. గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడు పన్నెండు బోయ కొట్టాలను గెలిచిన సంగతిని అందులోని తరువోజ పద్యం కొనియాడుతుంది. నన్నయకు రెండు వందల ఏళ్ల ముందే తెలుగు పద్యం రాతికెక్కిందని చెప్పడానికి పండితులు దీన్నే చూపిస్తారు. ఆ గౌరవం దానికి దక్కాల్సిందే. నన్ను పట్టి నిలిపేది మాత్రం మరో సంగతి. మనకు మిగిలిన తొలినాటి పద్యాల్లో ఒకటి గెలిచినవాడి పొగడ్త. ఓడిన బోయల వైపు నుంచి అందులో ఒక్క మాట లేదు.

గ్రీకుల ఓడ్ కూడా ఇలాగే మొదలైంది. క్రీ.పూ. అయిదో శతాబ్దంలో పిండార్ ఆటల పోటీల విజేతల మీద పాటలు కట్టాడు. ఒక చరణం, అదే కొలతతో దానికి జోడు చరణం, ఆపైన వేరే కొలతలో ముక్తాయింపు. బృందం ఆడుతూ పాడేది. రోములో హోరేస్ గొంతు తగ్గించి, స్నేహితుడితో ముచ్చటించినట్టు రాశాడు. 1819లో కీట్స్ చేతికొచ్చేసరికి వీరులు తప్పుకుని, ఒక పక్షి, ఒక పాత కలశం ఆ పీఠమెక్కాయి. ఎదుట ఉన్నదాన్ని ‘నువ్వు’ అని పిలిచి, దాని చుట్టూ తన ఆలోచనంతా తిప్పడమే ఓడ్. పొగడ్త అందులో సగమే.

మనకూ అలాంటి ప్రక్రియ ఒకటుంది: ఉదాహరణం. పాల్కురికి సోమనాథుడు బసవోదాహరణం రాశాడు. తర్వాత రావిపాటి త్రిపురాంతకుడు త్రిపురాంతకోదాహరణం రాశాడు. ఆ పేరుతో శివుడు కొలువైన కొండ ప్రకాశం సీమకు పడమటి దిక్కున ఉంది. ఉదాహరణంలో కవి ఒకే పేరును ఎనిమిది విభక్తుల్లో నడిపిస్తాడు. ఒక్కో విభక్తికి ఒక పద్యం, వెంటనే రగడ నడకలో కళిక, అందులో సగం కొలతతో ఉత్కళిక. అతడు, అతణ్ణి, అతని చేత, అతని కొరకు, అతని వలన, అతనికి, అతనిలో అంటూ అన్ని వైపుల నుంచీ చూసి, చివరికి ఎదురుగా నిలబడి ‘ఓ దేవా’ అంటాడు. వ్యాకరణ పాఠాన్ని ప్రదక్షిణగా మార్చిన కట్టడమిది. మన పిల్లలకు దీని పేరైనా తెలియకుండా పోవడం నాకు బాధ.

అయినా ఆ పిలుపు అందుకున్నది దేవుడో, రాజో. దాన్ని మార్చినవాడు వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా. ఆయన పద్యం సాలీడును పలకరించింది, శిశువు ముందు కూర్చుంది, శ్మశానంలో నిలబడింది. 1941లో గబ్బిలం వచ్చింది. కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపితే, జాషువా కథానాయకుడు గబ్బిలాన్ని కాశీ విశ్వనాథుడి దగ్గరికి పంపుతాడు. అతను అరుంధతీయుడు. అంటరానివాడని గుడి గడప తొక్కనివ్వరు. గర్భగుడిలో వేలాడే గబ్బిలాన్ని ఆపేవాడు మాత్రం ఎవడూ లేడు. ఇంట్లో దూరితే అరిష్టమని జనం తరిమికొట్టే ఆ ప్రాణినే ఆదరంగా పిలిచి, తన ఆకలీ అవమానమూ చెప్పుకున్నాడు. అద్దంకి రాతి మీద వినపడని వైపు నుంచి పదకొండు వందల ఏళ్లకు లేచిన గొంతు అది. నా లెక్కలో తెలుగులో ఓడ్ శిఖరం ఇదే.

ఈ పద్యాలు అచ్చుపుస్తకాల్లోనే ఆగిపోలేదు. హరిశ్చంద్ర నాటకం కాటిసీనులో నటులు జాషువా శ్మశానవాటి పద్యాలు అందుకునేవారు. హార్మోనియం మీద రాగం సాగుతుంటే, అక్షరం రాని కూలీలు కూడా ‘వన్స్‌మోర్’ అని అరిచేవారు. గ్రీకు బృందగానానికి ఉన్న ఊరుమ్మడి బలం ఇక్కడ తిరునాళ్ల పందిట్లో దొరికింది.

గుంటూరు ఏసీ కాలేజీలో పాఠాలు చెప్పిన కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి ఈ పిలుపును తిరగేశారు. పుష్పవిలాపంలో పువ్వులే మనిషిని నిలదీస్తాయి. ఘంటసాల గొంతులో అది ఇంటింటికీ చేరింది.

చిలీ కవి పాబ్లో నెరూడా 1954లో అచ్చయిన పుస్తకంలో ఉల్లిపాయకూ టమాటాకూ ఓడ్‌లు రాశాడు. గుంటూరు మిర్చి యార్డు ముందు నిలబడి, ఎర్రటి టిక్కీల (మిరప బస్తాల) వరసలు చూస్తుంటే నాకొక కోరిక. ఎవరైనా మిరపకు ఒక ఉదాహరణం కట్టాలి. సరుకుకేం కొదవ? ప్రథమలో మిరప పేరే చాలు. ద్వితీయలో మిరపను బిడ్డలా సాకిన నల్లరేగడి. తృతీయలో మిరపతో చేసిన పెళ్లిళ్లు, లేపిన మేడలు. చతుర్థిలో మిరప కొరకు తెచ్చిన అప్పు, కట్టిన కౌలు. పంచమిలో మిరప వలన అరచేతుల మంట, ఆగని దగ్గు. షష్ఠిలో మిరపకు 2021లో పట్టిన నల్ల తామరపురుగు. సప్తమిలో కల్లం మీద మిరపలో ఏరిన తాలుకాయ, దానికి కోసిన ధర.

ఎనిమిదో విభక్తి దగ్గర కవి కాసేపు ఆగాలి. మిరపను పిలవాలా, రోజంతా కూర్చుని తొడిమలు తీసే మనిషిని పిలవాలా? నేనైతే ఆమెనే పిలవమంటాను.